మాటలు వినకపోయినా కాల్ డేటా చెబుతుంది

ఫోన్ కాల్ ముగిసిన వెంటనే టెలికం సంస్థ సర్వర్‌లో ఒక వరుస చేరుతుంది. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు కాల్ వెళ్లింది, ఏ తేదీన ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్ని సెకన్లు సాగింది, ఆ సమయంలో ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉంది, హ్యాండ్‌సెట్ ఐఎంఈఐ ఏది, సిమ్ గుర్తింపు సంఖ్య ఏది అన్న వివరాలు అందులో ఉంటాయి. మాట్లాడుకున్న మాట ఒక్కటీ ఉండదు. టెలికం రంగంలో దీన్ని కాల్ డిటెయిల్ రికార్డు, పొట్టిగా సీడీఆర్ అంటారు. పోలీసుల ప్రెస్‌మీట్లలో, పత్రికల క్రైమ్ పేజీల్లో తరచూ వినిపించే ‘కాల్ డేటా’ ఇదే. సందేశం లోపలి విషయాన్ని పక్కన పెట్టి, ఆ సందేశం గురించి నమోదయ్యే ఇలాంటి వివరాలన్నిటినీ మెటాడేటా అంటున్నారు.

దీన్ని వివరించేటప్పుడు అందరూ చెప్పే పోలిక ఉత్తరం. లోపలి కాగితం విషయమైతే, కవరు మీది చిరునామాలు, తపాలా ముద్ర మెటాడేటా. అర్థం కావడానికి ఈ పోలిక బాగానే పనికొస్తుంది. చట్టం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇదే చిక్కు తెచ్చిపెట్టింది. కవరు మీద రాసింది పోస్ట్‌మ్యాన్ నుంచి పక్కింటివారి దాకా ఎవరి కంటనైనా పడుతుంది కనుక అందులో దాచాల్సింది ఏముందన్న వాదన అక్కడే పుట్టింది. ఒక్క కవరు విషయంలో అది సబబే. ఒక మనిషి రెండేళ్లలో పంపిన, అందుకున్న అన్ని కవర్లనూ తేదీలవారీగా పేర్చి ఒకరి చేతిలో పెడితే ఆ వాదన నిలవదు.

మెటాడేటా పుట్టేది ఫోన్ కాల్‌తోనే కాదు. ఈమెయిల్ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో దాని హెడర్‌లో ఉంటుంది. యూపీఐ చెల్లింపులో ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత ఇచ్చారన్నది ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే కారు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాలను ఏ సమయానికి దాటిందో బ్యాంకు లెక్కల్లోకి చేరుతోంది. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి సందేశాలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇస్తోంది కాబట్టి మధ్యలో ఎవరూ వాటిని చదవలేరు. ఆ రక్షణ సందేశానికే పరిమితం. ఎవరు ఎవరితో ఎప్పుడు సంభాషించారు, ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చారు అన్నవి దాని పరిధిలోకి రావు.

ఫొటోలకూ ఫైళ్లకూ ఉండే మెటాడేటా మరో రకం. అది ఫైలుతో పాటే ఊళ్లు తిరుగుతుంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన ప్రతి ఫొటోలో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్న జాన్ మెకాఫీ 2012లో మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లో ఒక హత్య కేసు విచారణను తప్పించుకుని పారిపోయాడు. ఆయన వెంట వెళ్లిన వైస్ పత్రిక విలేకరులు డిసెంబరులో ఆయన ఫొటో ఒకటి ప్రచురించారు. ఎక్కడున్నాడో రాయకుండా జాగ్రత్తపడ్డారు గానీ, ఐఫోన్‌తో తీసిన ఆ ఫొటోలో గ్వాటెమాలా లొకేషన్ అలాగే ఉండిపోయింది. కొద్దిరోజుల్లోనే అక్కడి పోలీసులు ఆయన్ను అదుపులోకి తీసుకున్నారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం విచిటా నగరంలో 1974 నుంచి 1991 దాకా పది హత్యలు చేసిన డెన్నిస్ రేడర్ కథ ఇంకా విచిత్రం. ఫ్లాపీ డిస్క్ పంపితే తన ఆచూకీ దొరుకుతుందా అని అతను పోలీసులనే అడిగాడు. దొరకదని వాళ్లు పత్రికా ప్రకటన ద్వారా భరోసా ఇచ్చారు. అతను నమ్మాడు. 2005లో అతను పంపిన డిస్క్‌లో, చెరిపేసిన ఒక వర్డ్ ఫైలు ఆనవాళ్లలో ఒక లూథరన్ చర్చి పేరు, చివరిసారి ఆ ఫైలును మార్చిన వ్యక్తి పేరు డెన్నిస్ అని కనిపించాయి. ముప్పై ఏళ్లు అంతుచిక్కని కేసు ఆ రెండు వివరాలతో తేలిపోయింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ దొరికినవాళ్ల మీద ఎవరికీ పెద్దగా జాలి కలగదు. నేరపరిశోధనకు మెటాడేటా చేసే మేలును కాదనడం కూడా కష్టం. కిడ్నాప్ అయిన పిల్లల ఆచూకీ దగ్గర నుంచి సైబర్ మోసాల ముఠాల దాకా పోలీసులు మొదట చూసేది కాల్ డేటానే. అనుమానం ఉన్న మనిషి రికార్డును చూడటం ఒకటి, అనుమానం లేని కోట్లాది మంది రికార్డులను ముందే పోగేసి పెట్టుకోవడం ఇంకొకటి. అసలు పేచీ ఈ రెండో దానితోనే.

మాటల కన్నా ఈ లెక్కలకే ఎక్కువ శక్తి ఎందుకు వచ్చింది? సంభాషణ వినాలంటే భాష తెలియాలి, యాస తెలియాలి, వ్యంగ్యం పట్టుకోవాలి, గంటల తరబడి ఒక మనిషి కూర్చోవాలి. మాట్లాడేవారు అబద్ధం ఆడవచ్చు, సంకేతాల్లో మాట్లాడుకోవచ్చు. సీడీఆర్‌తో ఆ ఇబ్బందులేవీ లేవు. నంబర్లు, గంటలు, టవర్లు అన్నీ గడుల్లో అమరి ఉంటాయి. కోటి మంది వరుసలనైనా కంప్యూటర్ కాసేపట్లో జల్లెడ పడుతుంది. తెల్లవారుజామున ఏ టవర్ కింద ఉంటే అది ఇల్లు, మధ్యాహ్నం ఏ టవర్ కింద ఉంటే అది ఆఫీసు. ఆదివారం ఉదయం ఒక చర్చి దగ్గరి టవర్, శుక్రవారం మధ్యాహ్నం ఒక మసీదు దగ్గరి టవర్ తరచూ కనిపిస్తే మతం కూడా ఊహకు అందుతుంది. కాన్సర్ ఆస్పత్రికి వరుసగా వెళ్లిన కాల్స్, ఆ వెంటనే బంధువులకు చేసిన సుదీర్ఘమైన కాల్స్ ఏం చెబుతాయో వేరే వివరించనక్కర్లేదు. రాత్రి రెండు గంటలకు రోజూ ఒకే నంబరుకు వెళ్లే కాల్ కూడా అంతే.

ఇది ఊహాగానం కాదని నిరూపించినవారిలో జర్మనీ గ్రీన్ పార్టీ నేత మాల్టె స్పిట్జ్ ఒకరు. తన గురించి డాయిష్ టెలికామ్ దాచిన రికార్డులు తనకివ్వాలని ఆయన న్యాయపోరాటం చేసి, 2009 ఆగస్టు నుంచి 2010 ఫిబ్రవరి దాకా ఆరు నెలల డేటా సంపాదించాడు. మొత్తం 35,830 వరుసలు. 2011లో డీ జైట్ పత్రిక వెబ్‌సైట్ వాటిని ఆయన ట్వీట్లు, బ్లాగు రాతలతో కలిపి మ్యాప్ మీద కదిలే చుక్కగా మార్చింది. ఆయన ఎప్పుడు రైలెక్కాడో, ఎప్పుడు నిద్రపోయాడో, ఏ వీధిలో తిరిగాడో నిమిషాలవారీగా జర్మనీ అంతా చూసింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 800 మందికి పైగా వాలంటీర్ల ఫోన్ మెటాడేటాను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. గుండె వైద్యులతో, మందుల షాపుతో, గుండె లయను గమనించే పరికరానికి సంబంధించిన హాట్‌లైన్‌తో ఒకరికి నడిచిన కాల్స్‌ను బట్టి ఆ వ్యక్తి జబ్బును వాళ్లు సరిగ్గానే పసిగట్టారు. ఒక్క మాట కూడా వినలేదు.

పేర్లు తీసేసి ఇస్తే ప్రమాదం లేదన్నది ప్రభుత్వాలూ కంపెనీలూ తరచూ ఇచ్చే సమాధానం. 2013లో వచ్చిన ఒక అధ్యయనం దీని పునాదినే కదిలించింది. ఇవ్ అలెక్సాండ్ర్ డి మోంజోయ్, ఆయన సహచరులు ఒక ఐరోపా దేశంలో 15 లక్షల మంది చందాదారుల 15 నెలల ఫోన్ కదలికలను, పేర్లు లేకుండానే, పరిశీలించారు. ఒక మనిషి ఏ గంటలో ఏ టవర్ దగ్గర ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని ఆ రాశిలోంచి విడిగా గుర్తుపట్టవచ్చని తేలింది. నాలుగు సందర్భాలు దొరకడం ఏమంత కష్టం? ఇల్లు, ఆఫీసు, ఒక పెళ్లిలో దిగిన ఫొటో, ఫేస్‌బుక్‌లో పెట్టిన తిరుమల యాత్ర సరిపోతాయి. కదలికలే వేలిముద్ర అయినప్పుడు పేరు కొట్టేయడం వల్ల ఒరిగేది తక్కువ. వ్యాయామాన్ని నమోదుచేసే స్ట్రావా యాప్ 2017 చివర్లో పేర్లు లేకుండా ప్రపంచ హీట్‌మ్యాప్ విడుదల చేసింది. అఫ్గానిస్థాన్, సిరియా ఎడారుల్లో సైనికులు పరుగుతీసిన దారులు మెరుస్తూ, స్థావరాల ఆకారాలను బయటపెట్టాయి. 2018 జనవరిలో దాన్ని గమనించింది ఒక ఆస్ట్రేలియా విద్యార్థి.

చట్టం వైపు చూస్తే, మెటాడేటాకు రక్షణ అక్కర్లేదన్న సిద్ధాంతానికి మూలం అమెరికా సుప్రీంకోర్టు 1979లో స్మిత్ వర్సెస్ మేరీలాండ్ కేసులో ఇచ్చిన తీర్పు. డయల్ చేసిన నంబర్లను మనిషి తానే టెలిఫోన్ కంపెనీకి ఇస్తున్నాడు కనుక వాటిలో గోప్యతను ఆశించలేడని కోర్టు చెప్పింది. అప్పటి ఫోన్ గోడకు తీగతో వేలాడేది. ఆ తీర్పు నీడలోనే అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ అమెరికన్ల కాల్ రికార్డులను గంపగుత్తగా సేకరించింది. ఆ సంస్థ కాంట్రాక్టరుగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఇచ్చిన పత్రాలతో 2013 జూన్‌లో గార్డియన్ పత్రిక ఆ సంగతి బయటపెట్టినప్పుడు, మీ ఫోన్ సంభాషణలను ఎవరూ వినడం లేదని అప్పటి అధ్యక్షుడు ఒబామా చెప్పుకొచ్చారు. అది నిజమే. ఆరోపణకు మాత్రం అది జవాబు కాదు. తర్వాతి ఏడాది ఒక చర్చావేదికపై ఎన్ఎస్ఏ, సీఐఏలకు మునుపు అధిపతిగా పనిచేసిన మైకేల్ హేడెన్ ఇంకా సూటిగా మాట్లాడారు. మెటాడేటాను ఆధారం చేసుకుని తాము మనుషులను చంపుతామని ఆయన ఒప్పుకున్నారు. అంత నమ్మదగిన ఆధారమని భావించేదాన్ని, జనం దగ్గరకు వచ్చేసరికి ఉత్త అంకెలని ఎలా అనగలరు?

గంపగుత్త సేకరణ వల్ల ఫలితం ఏమిటన్న ప్రశ్నకు అమెరికా ప్రభుత్వ స్వతంత్ర సంస్థే సమాధానం ఇచ్చింది. ఉగ్రవాద దర్యాప్తుల్లో ఆ కార్యక్రమం గట్టి తేడా తెచ్చిన ఉదంతం ఒక్కటీ తమకు కనిపించలేదని గోప్యత, పౌరహక్కుల పర్యవేక్షణ బోర్డు 2014 జనవరి నివేదికలో పేర్కొంది. 2015లో అమెరికా కాంగ్రెస్ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. 2018 జూన్‌లో కార్పెంటర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో 1979 నాటి సిద్ధాంతానికి గండిపడింది. దోపిడీల కేసులో నిందితుడి 127 రోజుల టవర్ లొకేషన్లను, మొత్తం 12,898 బిందువులను, దర్యాప్తు అధికారులు వారెంట్ లేకుండా తీసుకున్నారు. అది చెల్లదని కోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. ఐరోపాలో మార్పు ఇంకాస్త ముందే వచ్చింది. మాడ్రిడ్, లండన్ బాంబు పేలుళ్ల తర్వాత 2006లో ఐరోపా సమాఖ్య అందరి ట్రాఫిక్ డేటానూ ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా దాచాలని ఆదేశం తెచ్చింది. 2014 ఏప్రిల్ 8న ఐరోపా న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. తర్వాత 2016 డిసెంబరు తీర్పులో అందరి డేటానూ విచక్షణ లేకుండా దాచడం కుదరదనీ, దాచినదాన్ని తీయాలంటే ముందుగా కోర్టో స్వతంత్ర సంస్థో పరిశీలించాలనీ చెప్పింది.

భారత్‌లో దారి వేరు. ఫోన్ ట్యాపింగ్‌పై పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో రక్షణలు నిర్దేశించింది. ఒకరి సంభాషణ వినాలంటే కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలి, దాన్ని సమీక్ష కమిటీ చూడాలి. కాల్ డేటాకు ఆ మెట్లు లేవు. నేరశిక్షాస్మృతి 91వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్, పత్రాలను రప్పించుకునే అధికారాన్ని కోర్టుతోపాటు పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి అధికారికీ ఇస్తాయి. సీడీఆర్‌ను అడిగేది ఈ దారిలోనే. వింత ఏమిటంటే, పోస్టాఫీసులో ఉన్న ఉత్తరాన్ని తీసుకోవాలంటే అదే చట్టంలోని పక్క సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటో కోర్టో ఉత్తర్వు ఇవ్వాలి. ఒక పోస్టుకార్డుకు దక్కిన గౌరవం రెండేళ్ల కదలికల చిట్టాకు దక్కలేదు.

ఆ లోటు ఎంతదో ఢిల్లీలో ఒక పెద్ద మనిషికే అనుభవమైంది. అప్పటి రాజ్యసభ ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డులను అక్రమంగా తెప్పించారని 2013 ఫిబ్రవరిలో బయటపడి, ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ ఒకరు అరెస్టయ్యారు. తర్వాత కేంద్ర హోంశాఖ ఎస్పీ స్థాయికి తగ్గని అధికారే సీడీఆర్ అడగాలని మార్గదర్శకాలు పంపింది. మార్గదర్శకాన్ని ఒక ఉత్తరంతో ఇచ్చినట్టే ఇంకో ఉత్తరంతో వెనక్కు తీసుకోవచ్చు. చట్టానికి ఉండే బలం దానికి రాదు.

తెలుగు రాష్ట్రాలకు నేరుగా తగిలిన సంఘటన 2020 నాటిది. కొన్ని సర్కిళ్లలో నిర్ణీత తేదీల్లో చందాదారులందరి సీడీఆర్‌లూ ఇవ్వాలని టెలికం శాఖ స్థానిక విభాగాలు అడుగుతున్నాయంటూ మొబైల్ కంపెనీల సంఘం ఆ ఏడాది ఫిబ్రవరిలో శాఖ కార్యదర్శికి లేఖ రాసింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూడా ఉంది. టెలికం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ ఒక్క సర్కిల్‌లోనివే. మార్చిలో విషయం పత్రికలకెక్కాక, కాల్ డ్రాప్‌లను పరిశీలించేందుకే అడిగామనీ, డేటాలో పేర్లు ఉండవనీ శాఖ చెప్పింది. కాల్ డ్రాప్‌ల లెక్కకు ఏ టవర్ దగ్గర ఎన్ని కాల్స్ తెగిపోయాయో తెలిస్తే సరిపోతుంది. ఎవరు ఎవరికి చేశారన్నది ఎందుకు? ఇక పేర్లు లేకపోవడం గురించి చెప్పాలంటే, నాలుగు బిందువుల లెక్క అప్పటికే ఏడేళ్ల పాతది.

గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చర్య ఆ అవసరానికి తగినంతే ఉండాలి. ఈ గీటురాయి మాటలకూ మెటాడేటాకూ ఒకటే. ఆ తర్వాత వచ్చిన నిబంధనలు మాత్రం పోగేయడం వైపే నడిచాయి. 2021 డిసెంబరులో టెలికం లైసెన్సు షరతులు మార్చి, కాల్, ఇంటర్నెట్ రికార్డులను దాచే కాలాన్ని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. గడువు తీరాక చెరిపేసే వీలు సంస్థకు ఉంది గానీ బాధ్యత లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్‌-ఇన్, కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు, వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలను అయిదేళ్లు ఉంచాలని ఆదేశించింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు సైతం ట్రాఫిక్ డేటాను కనీసం ఏడాది పాటు ఉంచాలంటున్నాయి. పైగా, తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు కేంద్రం మినహాయింపు ఇచ్చే అధికారాన్ని ఆ చట్టమే కల్పించింది.

ఈ ధోరణి అన్నిటికన్నా తేటగా కనిపించేది 2024 నవంబరు నాటి టెలికం సైబర్ భద్రత నిబంధనల్లో. సందేశాల్లోని విషయం తప్ప ట్రాఫిక్ డేటా, ఇతర డేటా ఏదైనా కేంద్రం సంస్థల నుంచి కోరవచ్చని అందులో ఉంది. ‘విషయం తప్ప’ అన్నది రక్షణలా వినిపిస్తుంది. నిజానికి విషయానికీ మెటాడేటాకూ మధ్య 1979 నాటి అమెరికా తీర్పు గీసిన గీతనే కొత్తగా గీశారు. ఆ మరుసటి నెలలో సంభాషణలను వినడంపై వచ్చిన నిబంధనల్లో సమీక్ష కమిటీలు ఉన్నాయి, ఐటీ చట్టం 69బి కింద ట్రాఫిక్ డేటా సేకరణకు 2009లో పెట్టిన నిబంధనల్లోనూ సమీక్ష ఉంది. ఈ సైబర్ భద్రత నిబంధనల్లో అలాంటి సమీక్ష ఏర్పాటు లేదు. ప్రజల్లో చర్చ కూడా పాత గీత దగ్గరే ఆగుతోంది. 2024లో పంజగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మీద తెలంగాణలో రేగిన వాదోపవాదాల్లో ఎవరి మాటలు ఎవరు విన్నారన్నదే పెద్ద ప్రశ్న. ఎవరి కాల్ డేటా ఎవరు తీశారన్నది అంతగా వినపడదు.

న్యాయస్థానాల నుంచి ఒక మంచి సంకేతం వచ్చింది. బెయిలు పొందిన వ్యక్తి తన గూగుల్ మ్యాప్స్ లొకేషన్‌ను దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలన్న షరతును ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు 2024 జులైలో కొట్టేసింది. బెయిలు మీద ఉన్నవాడి కదలికలనే నిరంతరం కనిపెట్టి ఉండకూడదంటే, ఏ కేసూ లేని చందాదారుడి రెండేళ్ల టవర్ లొకేషన్లను ముందే దాచి ఉంచడం ఏ గీటురాయికి నిలుస్తుందన్న ప్రశ్న ఎప్పటికైనా ఆ కోర్టు ముందుకు రాకతప్పదు.

డేటాను అసలే పోగుచేయకపోవడం అసాధ్యమేమీ కాదు. సందేశాల యాప్ సిగ్నల్‌ను 2016లో అమెరికాలోని వర్జీనియా గ్రాండ్ జ్యూరీ ఖాతా వివరాలు అడిగినప్పుడు, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు అన్న రెండు సంగతులే ఆ సంస్థ ఇవ్వగలిగింది. మిగిలినవి దాని దగ్గర లేవు.

వాడేవారి చేతిలో ఉన్న జాగ్రత్తలు కొన్నే. కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేయవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ వివరాలు రాలిపోతాయి, అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే వెంటే వెళ్తాయి. గూగుల్ టైమ్‌లైన్‌ను ఆపేయవచ్చు, అవసరం లేని యాప్‌లకు కాంటాక్ట్‌లు ఇవ్వకుండా ఉండవచ్చు. ఇవేవీ సీడీఆర్‌ను తాకవు. కాల్ ఎక్కడికి చేర్చాలో తెలియాలంటే ఫోన్ ఎక్కడుందో నెట్‌వర్క్‌కు తెలిసి తీరాలి కాబట్టి, ఆ వరుస పుట్టకుండా ఏ సెట్టింగూ ఆపలేదు. పుట్టిన వరుస ఎంతకాలం ఉంటుంది, ఎవరి సంతకంతో బయటకు వస్తుంది అన్నవి మాత్రం లైసెన్సు షరతుల్లో, చట్టంలో రాసుకునే సంగతులు.